రెండు సెకన్లు

"కాఫీయా, టీయా?" అని వంటింట్లోంచి కేకేసింది పెద్ద మేడమ్. కేక గుమ్మం దాటకముందే, "టీయే తాగు, పొద్దున్నే కాఫీ పైత్యం" అని తనే తీర్పు చెప్పి గిన్నె పొయ్యి మీద పడేసింది.

తెరవబోయిన నోరు మూసుకుంది కూతురు. కిటికీ దగ్గర బల్ల ముందు, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో చేతిగడియారం విప్పుతున్న తండ్రి తలెత్తనే లేదు. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఆ ఇంట్లో ఆగిపోయిన గడియారాలన్నీ ఆయనవనీ, ఆగని గడియారం ఒక్కటే ఉందనీ, అది వంటింట్లో ఉందనీ చుట్టాల్లో ఓ వేళాకోళం.

పెద్ద మేడమ్ ఇరవై ఏడేళ్ళుగా డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతోంది. నిరుడు కూతురు కూడా అదే కాలేజీలో, అదే డిపార్ట్‌మెంటులో చేరింది. అప్పటినుంచీ పిల్లలు తల్లిని పెద్ద మేడమ్ అనీ, కూతుర్ని చిన్న మేడమ్ అనీ అంటున్నారు. చిన్న మేడమ్‌ది ఇంకా ఏడాది కాంట్రాక్టే. ఉద్యోగం ఖాయం కావాలంటే ఈ నెలలో కమిటీ మెచ్చాలి.

ఆ కమిటీ కొత్త పద్ధతొకటి పెట్టింది. ప్రతి టీచరూ ఇంకో టీచరు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవాలి, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టాలి. పాఠం చెప్పినవాళ్ళు అది చదివి, తమ క్లాసులో ఏం జరుగుతోందో తామే ఆలోచించుకుని కింద రాయాలి. చిన్న మేడమ్ క్లాసు చూడాల్సిన పని సీనియారిటీ లెక్కన పెద్ద మేడమ్‌కే పడింది. తల్లి కూతుర్ని చూడటమేమిటని స్టాఫ్ రూములో ఎవరో గొణిగితే, పాఠం దగ్గర తనకి బంధుత్వాలుండవని అందరూ వినేలా చెప్పింది. ఆ మాటకి తనకే ఒళ్ళు పులకరించింది కూడా.

ఆ రోజు క్లాసు చూసి ఆవిడకి తల తిరిగింది. పిల్లలు నలుగురు నలుగురుగా మూగి వాదించుకుంటున్నారు. పావుగంట గడిచాక ఒకమ్మాయి బోర్డు మీద లెక్క తప్పు చేసింది. చిన్న మేడమ్ అది తుడవలేదు. "ఇందులో ఎక్కడో కాలు జారింది. ఎక్కడో మీరే పట్టుకోండి" అని చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. పెద్ద మేడమ్‌కి చెయ్యి దురద పెట్టింది. ఐదు నిమిషాలు పళ్ళబిగువున కూర్చుంది. పది నిమిషాలకి ఇక ఆ తప్పుని కళ్ళతో చూడలేక లేచి వచ్చేసింది. స్టాఫ్ రూములో కూర్చుని రాసింది: "క్లాసు సంతలా ఉంది. తప్పు బోర్డు మీదే ఉండిపోయింది. టీచరుకి సబ్జెక్టు మీదా, పిల్లల మీదా పట్టు లేదు." సంతకం పెట్టి, కూతురికి చూపించకుండానే కవరు అంటించి ప్రిన్సిపాల్‌కి ఇచ్చేసింది. ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత మందలిస్తే దారిలో పడుతుందిలే అనుకుంది.

దారి వారం తిరక్కుండానే తెగిపోయింది. ఆ సాయంత్రం కూతురు వచ్చి, చెప్పులు విప్పకుండానే హాల్లో నిలబడింది.

"నా ఉద్యోగం పోయిందమ్మా. ప్రిన్సిపాల్ నీ కాగితం చదివి వినిపించాడు. కన్నతల్లే ఇలా రాశాక మేమేం చెయ్యగలం అన్నాడు."

పెద్ద మేడమ్ చేతిలో గరిటె ఆగింది. నోరు మాత్రం ఆగలేదు. ఉన్నమాటే రాశాననీ, అబద్ధం రాసి కూతుర్ని నిలబెట్టుకునే బతుకు తనకొద్దనీ అంది. అంతటితో సరిపెట్టుకున్నా బాగుండేది. "అసలా ఉద్యోగం వచ్చింది మాత్రం నీ మొహం చూసా? నా పేరు చూసి ఇచ్చారు" అని కూడా అనేసింది.

"ఎంతసేపు కూర్చున్నావు నా క్లాసులో?"

"చూడాల్సినంత సేపు."

"ఇరవై ఐదు నిమిషాలు. నువ్వు గుమ్మం దాటిన రెండో నిమిషంలో వెనక బెంచీ పిల్ల లేచి తప్పు పట్టుకుంది. ఏడాదిలో ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నీకు ఇంకో రెండు నిమిషాల ఓపిక ఉంటే నాకు ఉద్యోగం ఉండేది."

పెద్ద మేడమ్ ఏదో అనబోయింది. కూతురు సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. అది తల్లి క్లాసు చూసి తను రాసినది. పోనీలే అమ్మ కదా అని ఇవ్వకుండా దాచింది. ఇప్పుడు పాఠం చదివినట్టు చదివింది. యాభై నిమిషాల్లో అడిగిన ప్రశ్నలు నలభై ఒకటి. జవాబు కోసం ఆగింది, నాన్న ఇచ్చిన స్టాప్‌వాచీ ప్రకారం, అన్నిటికన్నా ఎక్కువైతే రెండు సెకన్లు. పిల్లలు చెప్పిన జవాబులు సున్నా.

"పిల్లలు నిన్నేమంటారో తెలుసా? రేడియో అంటారు. అది పాడుతుంటే వినక్కర్లేదు, మనం పలికితే దానికి వినబడదు అని. నన్ను నిన్న స్టాఫ్ రూము బయట చిన్న రేడియో అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది."

పెద్ద మేడమ్ మొగుడి వైపు తిరిగింది. "వింటున్నారా దీని మాటలు? మీకు వినబడదులెండి, మీకెప్పుడు పట్టింది గనక" అంది, ఒకే ఊపిరిలో.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "చూశావా, నన్నడిగి నువ్వే చెప్పేశావు. నేను జవాబు చెప్పడం మానేసి ఇరవై ఏళ్ళయింది. నువ్వు గమనించలేదు" అన్నాడు మెల్లిగా. మళ్ళీ భూతద్దం తగిలించుకున్నాడు.

మర్నాడు క్లాసులో పెద్ద మేడమ్ ఒక ప్రశ్న అడిగి, మొగుడి బల్ల మీంచి తెచ్చుకున్న స్టాప్‌వాచీ నొక్కింది. పెదవులు బిగబట్టుకుంది. ఐదు సెకన్లు. పది. డెబ్బై మంది పిల్లలు, డెబ్బై పెన్నులు కాగితాల మీద ఆన్చి, తలలు వంచుకుని ఉన్నారు. ఒక్కరూ ఆలోచించడం లేదు. ఆవిడ చెప్పబోయే జవాబు రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారంతే. ఇరవై సెకన్లకి ఒకరిద్దరు తలెత్తారు. నలభై సెకన్లకి, ముందు బెంచీలో పిల్ల పక్కదాని చెవిలో, "మేడమ్‌కి ఒంట్లో బాలేదేమోనే, నీళ్ళిద్దామా" అంది.

ఇరవై ఏడేళ్ళ సర్వీసుకి ఆ నీళ్ళ సీసాయే దక్కింది. తీసుకుని తాగింది.

అక్కణ్ణుంచి సరాసరి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. తను మధ్యలో లేచి వచ్చేశానని, చివర చూడకుండానే రాశానని ఒప్పుకుంది. ఆ మాట కాగితం మీద పెట్టి సంతకం చేసింది. ఆయన చదివి, పేపర్‌వెయిట్ కింద పెట్టి, ఆ పోస్టుకి నిన్ననే వేరే వాళ్ళని తీసుకున్నామన్నాడు. పైగా, మీలాంటి నిక్కచ్చి మనుషులు అరుదు మేడమ్ అని మెచ్చుకున్నాడు. చెంపదెబ్బ అయినా అంత మండేది కాదు.

ఇంటికొచ్చేసరికి కూతురు తన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. వేరే ఊరి కాలేజీ నుంచి పిలుపొచ్చిందనీ, జీతం తక్కువేననీ తండ్రితో చెబుతోంది. పెద్ద మేడమ్ టీ గిన్నె పొయ్యి మీద పడేసి వచ్చి, ఆ పెట్టె పక్కనే నేల మీద చతికిలబడింది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళినదీ, ఆలస్యమైపోయినదీ చెప్పింది. కూతురు ఊఁ అంది, సర్దడం ఆపలేదు.

"ఇక్కడే ఉంటావా, వెళ్తావా?" అని అడిగింది తల్లి.

ఇక్కడే ఉండు, ఇంకో కాలేజీ చూద్దాం అన్న మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. పంటి కింద నొక్కిపట్టింది. బల్ల మీద బాగుచేసిన గడియారాలన్నీ తలో లయలో కొట్టుకుంటున్నాయి. తండ్రి చేతిలో స్క్రూడ్రైవరు కదలడం మానేసింది. ఒక నిమిషం గడిచింది, ఇంకొకటి గడిచింది. పెద్ద మేడమ్ కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. నోరు మాత్రం విప్పలేదు.

"వెళ్తానమ్మా" అంది కూతురు చివరికి. "నీతో ఒకే ఇంట్లో ఉంటే నేనూ నీలాగే అయిపోతానని భయం."

నిన్నటి పెద్ద మేడమ్ అయితే దీనికి పది జవాబులు చెప్పేది. ఈ రోజు ఇంకొక్క ప్రశ్నే అడిగింది. "ఎప్పటినుంచి?"

అని ఊరుకుంది.

కూతురు చేతిలో పుస్తకం పక్కన పెట్టి, తల్లికి ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఏడో తరగతి నుంచి మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ తనూ ఏడ్చింది. ఒక చోట తల్లి చెయ్యి పట్టుకుంది, ఇంకో చోట వదిలేసింది. పొయ్యి మీద పెట్టిన టీ మరిగి మరిగి అడుగంటింది. వాసన హాలంతా కమ్ముకుంది. తండ్రే లేచి వెళ్ళి పొయ్యి కట్టేశాడు.

పెద్ద మేడమ్ కదల్లేదు. వింటోంది.