తలుపును చూసిన పెళ్లికొడుకు

పెళ్లిచూపుల్లో ఈశ్వర్ చేసిన మొదటి తప్పు, పెళ్లికూతురి కోసం గోడవారగా వేసిన కుర్చీలో తనే కూర్చోవడం. రెండో తప్పు, ఉన్నంతసేపూ వీధి తలుపునే చూడడం. పాపం హేమ కాఫీ ఇచ్చి, కూర్చోడానికి చోటు లేక నిలబడే ఉంది.

మగపెళ్లివారు వెళ్లగానే హేమ తండ్రి జగన్నాధం తేల్చేశాడు. ఆర్మీలో పదిహేడేళ్లు చేసి వచ్చినవాడే కావచ్చు, పిల్లను కన్నెత్తి చూడనివాడికి పిల్లనెందుకు ఇవ్వాలన్నాడు. చీపురుపల్లిలో ఇంకెవరూ లేనట్టా అన్నాడు.

హేమకు ఒళ్లు మండింది. తాను బాగుంటానన్న నమ్మకం ఆమెకు కాస్త ఎక్కువే. మర్నాడు సాయంత్రం, అతను సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేసే రైసుమిల్లు దగ్గరికే వెళ్లింది. అప్పుడే వాన అందుకుంది. ఇద్దరూ టీ బడ్డీ రేకు కింద ఇరుక్కున్నారు.

"తలుపు నాకంటే బాగున్నాదా?" అని అడిగింది.

అతను నవ్వలేదు. వెనక గోడ, ఎదురుగా గుమ్మం ఉంటేనే తనకు ఊపిరాడుతుందని చెప్పాడు. బోర్డర్‌లో పడ్డ అలవాటు, ఇంటికొచ్చినా వదల్లేదట. విశాఖలో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడట. నిద్ర కుదుటపడింది గానీ, ఏదైనా పేలితే మాత్రం ఒళ్లు ఇంకా మాట వినదట.

"ఇది దాసిపెట్టి పెళ్లి సేసుకోలేను. అందుకే మీ నాన్నగారు వద్దంటే ఊరుకున్నాను. సూడలేదన్నది మాత్రం అబద్ధం. పచ్చసీర, ఒక సేతికి గాజులు, ఇంకో సేతికి వాచీ."

హేమ చేతిలో టీ చల్లారిపోయింది. మనిషి నచ్చేశాడు, ఇక చేసేదేముంది?

ఇంటికెళ్లి తండ్రికి అంతా చెప్పింది. జగన్నాధం కొన్నాళ్లు బెట్టు చేశాడు. ఆ తర్వాత ఒప్పుకోవడమే కాదు, మందుగుండు కాల్చని పెళ్లి పెళ్లేటని నవ్విన చుట్టాలందరి నోళ్లూ తనే మూయించాడు.

పెళ్లి రామతీర్థంలో జరిగింది. వరుడు వధువు చెయ్యి అందుకునే వేళకు, రోడ్డు మీద వేరే పెళ్లివాళ్ల ఊరేగింపులో టపాసు బాంబులు పేలాయి. ఈశ్వర్ ముఖం పాలిపోయింది. ముందుకు చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

హేమే ఆ చెయ్యి పట్టుకుంది, గట్టిగా.

పట్టుకోవాల్సింది వరుడమ్మా అని పంతులు సణిగాడు. చుట్టాలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

జగన్నాధం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"నా కూతురు పట్టిందంటే వదల్దు. మీరు మంతరం సదవండి."