భోజనాల బల్ల మీద బందరు బండి

ఆదివారం పొద్దున్నే పెసరట్ల పళ్ళెంతో హాల్లోకొచ్చిన నాగరత్నానికి దాన్ని పెట్టడానికి చోటు కనబడలేదు. గుడివాడలోని ఆ ఇంటి భోజనాల బల్లని రెండు నెలలుగా కోడలు గాయత్రి బొమ్మరైలు ఆక్రమించింది. గుడ్లవల్లేరు, పెడన, మచిలీపట్నం అని అట్టముక్కల మీద రాసిన బుల్లి స్టేషన్లు దాని చుట్టూ నిలబడి ఉన్నాయి.

"ఈ పూటతో ఇది తీసెయ్యాలమ్మాయ్! మనం కింద కూర్చుని తింటుంటే రైలు బల్లెక్కి తిరుగుతుందా?"

"ఒక్క వారం ఆగండత్తయ్యా. వంపు దగ్గర పెట్టెలు పడిపోతున్నాయి. అది సరిచేశాక..."

"వారం, వారం అంటూనే ఉన్నావు. నా మోకాళ్ళు పోతున్నాయి!"

గాయత్రి పట్టాలు విప్పసాగింది. చిన్నప్పటి నుంచీ ఆమెకి రైళ్లంటే ప్రాణం. కోడలు కళ్ళు తుడుచుకోవడం చూసి కూడా నాగరత్నం చూడనట్టే ఊరుకుంది.

"ఆ పట్టా తియ్యకు!"

పేపరు పక్కన పడేసి మామగారు నాంచారయ్య లేచాడు. ముప్పై నాలుగేళ్లు రైళ్లు నడిపి రిటైరైన మనిషి. ఇన్నాళ్లూ పిల్లలాట అని దాన్ని కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు వంగి పట్టాని వేలితో తడిమాడు.

"దీనికి కరెంటు పట్టాల్లోంచేనా?"

"అవును మావయ్యా."

"మరి ఇంత మురికి పేరితే ఇంజను ఆగదూ? స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడువు, చక్రాలు కూడా. ఈ వంపు మరీ బిగుతుగా ఉంది, వెడల్పు చెయ్యి. పెట్టెలు తేలిక, బరువుకి అడుగున ఒక్కో నట్టు అంటించు."

గంటసేపు మామాకోడళ్లు తలెత్తలేదు. ఆ తర్వాత రైలు ఒక్క పెట్టె కూడా పడకుండా చుట్టు తిరిగొచ్చింది. నాంచారయ్య నోటితో కూత వేశాడు. గాయత్రి చప్పట్లు కొట్టింది. నాగరత్నం కళ్ళల్లో మాత్రం నీళ్లు తిరిగాయి.

"ఏమైందే?" అన్నాడాయన కంగారుగా.

"ఇన్నేళ్లూ మీరు బందరు బండి తోలితే నేను వెనక పెట్టెలోనే కూర్చున్నాను. ఒక్కసారైనా ఇంజనెక్కించారా?"

"రూల్స్ ఒప్పుకోవే!"

"ఇక్కడ రూల్సు మీవే అత్తయ్యా" అంటూ గాయత్రి కంట్రోలరు ఆమె చేతిలో పెట్టింది. "నెమ్మదిగా తిప్పండి."

నాగరత్నం మీట తిప్పింది. రైలు కదిలింది. మూడు చుట్లయ్యేసరికి నాగరత్నం ముఖం వెలిగిపోయింది.

"మేడ మీద గదిలో పాత మంచాలు తీసేద్దాం గాయత్రీ. అక్కడైతే ఇంకా పొడుగ్గా పట్టాలెయ్యొచ్చు."

"వంపొస్తోంది, తగ్గించు!" అన్నాడు నాంచారయ్య.

"డ్రైవరుతో మాట్లాడకూడదండీ" అంది నాగరత్నం, తడి కళ్ళతోనే నవ్వుతూ.