నివాసుల సంఖ్య: ఒకటి

బంగాళా పెంకు మీద నీలం రంగు వెలుతురు గీత మెల్లగా పాకుతోంది. దిబ్బలపాలెంలో, సగం కప్పు ఎగిరిపోయిన ఒక ఇంటి నట్టింట్లో ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నారు.

"కాస్సేపు ఎవరూ కదలకండి," అంది డాక్టర్ సుభాషిణి. ఆ మిషన్ కనిపెట్టింది ఆవిడే.

తుఫాన్లు నెలకొకటి చొప్పున వచ్చే రోజులొచ్చాక సముద్రం ఒడ్డు ఇళ్ళన్నిటికీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టకుండా ఎలా ఉండాలో వెతకడం కంపెనీల పని. పాత పగుళ్ళు చూపించి తుఫాను పగుళ్ళని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారని ఒక కంపెనీ సుభాషిణిని పిలిచింది. ఆవిడ తయారుచేసిచ్చిందే ఈ రూఫ్ స్కానర్.

దాని సంగతి అర్థం కానిదేమీ కాదు. రోజూ పెరుగు తోడుపెట్టే మట్టిచట్టికి ఎంత కడిగినా ఆ వాసన పోదు కదా. కాల్చిన మట్టి పెంకు కూడా అంతే. కింద జరిగే ప్రతి చప్పుడుకీ కంటికి కనపడనంత సన్నగా అదురుతుంది. ఆ అదురు పెంకు లోపల పొరగా నిలిచిపోతుంది, రోజుకో పొర. స్కానర్ లేజర్‌తో ఆ పొరల్ని లెక్కపెట్టి పెంకు ఏ రోజున పగిలిందో చెబుతుంది. ఆ రోజు ఇంట్లో ఎంతమంది మసిలారో చెబుతుంది. కావాలంటే ఆ చప్పుళ్ళు తిరిగి వినిపిస్తుంది కూడా.

మనుషుల లెక్క కంపెనీకి ఎందుకంటే, పాలసీలో పదిహేడో షరతు ఉంది. వరసగా అరవై రోజులకి మించి ఖాళీగా ఉన్న ఇంటికి క్లెయిమ్ లేదు.

ఇల్లు నూకరత్నానిది. ఆమె భర్త జోగారావు గోనెమిల్లులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, ఊపిరితిత్తుల నిండా జనపనార దుమ్ము నింపుకుని, మాఘమాసంలో పోయాడు. పోయినవాడు మంచి నక్షత్రం చూసుకుని పోయాడా అంటే అదీ లేదు, ధనిష్ఠలో పోయాడు. ధనిష్ఠా పంచకంలో చావు జరిగిన ఇంట్లో ఆరు నెలలు ఎవరూ ఉండకూడదు. ఉంటే ఆ ఇంట్లో ఇంకో చావు తప్పదంటారు. తాళం వేసి, గుమ్మానికి ముళ్ళకంప కట్టి, నూకరత్నం టెక్కలిలో చెల్లెలింటికి వెళ్ళింది. నాలుగో నెలలో తుఫాను వచ్చి కప్పు లేపుకుపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇప్పుడు ఆమెకి కావలసింది ఒక్కటే. ఇంకో వాయుగుండం పట్టేలోగా తన ఇంట్లో, కప్పు కింద, తను పడుకోవాలి. చెల్లెలు మంచిదే, చెల్లెలి కోడలి మొహమే రోజురోజుకీ ముడుచుకుపోతోంది.

స్కానింగ్‌కి ముందు కంపెనీ సర్వేయర్ కూర్మారావు అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఆర్నెల్లూ తాళమే బాబూ. పురుగైనా లేదు."

కూర్మారావుది కూడా ఆ పక్క ఊరే. పెన్ను ఆపేశాడు. "ఆ ముక్క నాతో అంటే అన్నావు గాని ఇంకెవరితోనూ అనకమ్మా. మధ్యమధ్యలో వొచ్చి పడుకున్నానని చెప్పు."

"పంచకం ఇంట్లో పడుకున్నానని ఎలా సెప్పమంతావు? ఊరు ఊరుకుంతాదా?"

నీలం గీత పెంకు చివరికి చేరి ఆగింది. టాబ్లెట్ మీద అంకెలు వరసకట్టాయి. సుభాషిణి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తాళం వేసిన రోజు, నివాసుల సంఖ్య: ఒకటి. మర్నాడు ఒకటి. తుఫాను వచ్చేదాకా నూటపన్నెండు రోజులూ ఒకటే. ఆ తరవాత అన్నీ సున్నాలు.

"ఎవడో దూరాడు," అన్నాడు కూర్మారావు.

"ఏసిన తాళం ఏసినట్టే ఉన్నాది బాబూ. ముళ్ళకంప నేనే ఇప్పినాను."

సుభాషిణి ఒక రోజు ఎంచి చప్పుడు వినిపించింది. ముందు బరబరమని పెంకు గరగర. దాని వెనక ఒక అడుగు. తరవాత నేల మీద ఏదో ఈడ్చిన శబ్దం. మళ్ళీ అడుగు, మళ్ళీ ఈడ్పు. వంటింటి దాకా వెళ్ళి ఆగింది. మూడు దగ్గులు వినిపించాయి. కాసేపాగి ఇంకొకటి.

నూకరత్నం వంటింటి గుమ్మం వంక చూసింది.

"ఆయన ఎడం కాలు," అంది. "మిల్లులో గోనె బేలు మీద పడిన కాలు."

ఎగిరిపోయిన కప్పులోంచి పట్టపగటి ఎండ పడుతోంది. సుభాషిణి తుఫాను రోజు పొర తెరిచింది. గాలి హోరులో అడుగూ ఈడ్పూ గబగబా అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఠంగుమని ఇత్తడి నేలకి తగిలింది. కాసేపటికి ఇంకోచోట ఇంకో ఠంగు. వాటిలో నీటిబొట్లు పడుతున్న చప్పుడు.

"అటక మీద బోర్లించిన బిందెలు నేనొచ్చీసరికి నట్టింట్లో ఉన్నాయమ్మా," అంది నూకరత్నం. "కురిసిన చోటల్లా ఒకటి. గాలికి పడినాయనుకున్నాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కడే అన్నీ సర్దుకున్నాడు. లోపల మనిషుంతే నేను బయట తాళం ఏసీసినాను."

"పాత పొర కొత్త పొర మీదకి జారి ఉండొచ్చు," అంది సుభాషిణి. ఆ గొంతులో ఆవిడకే నమ్మకం లేదు. "మిషన్ పొరపాటు కావచ్చు."

"రిపోర్టులో అలాగే రాయమంటారా మేడమ్?" అన్నాడు కూర్మారావు. "ఈ మిషన్ మాట మీద నిరుడు రెండొందల క్లెయిములు కొట్టేశాం. ఆళ్ళందరూ తిరిగి వొచ్చి గుమ్మంలో కూర్చుంటారు."

ఆవిడ రాయమనలేదు. ఫారంలో ఉన్న గడి నివాసి పేరు అడగదు, సంఖ్య మాత్రమే అడుగుతుంది. కూర్మారావు ఆ గడిలో ఒకటి వేశాడు.

"కప్పు ఎగిరిన కాణ్ణించీ సున్నాలన్నారు గదా," అంది నూకరత్నం. "బేగి ఏయించండి బాబూ. ఆయన ఎక్కడ నిలబడ్డాడో ఏటో."

నెల తిరక్కుండా కొత్త పెంకులు పడ్డాయి. కప్పు కింద దూలానికి కంపెనీ వాళ్ళు చిన్న స్కానర్ ఒకటి శాశ్వతంగా బిగించారు. నెలనెలా ఇంటి రోజువారీ లెక్క కంపెనీకీ, నూకరత్నం ఫోనుకీ మెసేజిగా వస్తుంది. మొదటి నెల ఆమె ఇంట్లోంచి కదలలేదు. మెసేజి వచ్చింది, ఒకటి. రెండు వస్తుందని ఎదురుచూసిన మనిషి ఆ పూట అన్నం తినలేదు. రెండో నెల చెల్లెలికి కంటి ఆపరేషనని తొమ్మిది రోజులు టెక్కలి వెళ్ళింది. ఆ తొమ్మిది రోజులూ కూడా ఒకటే వచ్చింది.

ఇల్లు అద్దెకిచ్చిందేమోనని కంపెనీకి అనుమానం వచ్చి సుభాషిణిని పంపింది.

ఆవిడ వెళ్ళేసరికి మధ్యాహ్నం, ముసురు పట్టింది. నూకరత్నం ఎదురింటి వాళ్ళ అరుగు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. కాళ్ళ మీద జల్లు కొడుతోంది. ఎదురుగా తన ఇల్లు, ఎర్రటి కొత్త పెంకులతో, తలుపు చేరవేసి ఉంది.

"ఇంత కష్టపడి కప్పు వేయించుకుని ఇక్కడ కూర్చున్నారేమిటమ్మా?"

"మీరు సదూకున్నోరు, సెప్పండి. నేను లోపలున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అంటే నేను లోపలికెల్తే ఆయన బయటికెల్లిపోతన్నట్టు గాదా?"

సుభాషిణి తల తిప్పి ఎదురుగా ఉన్న తలుపు వంక చూసింది.

"తాళం ఏసినానని కోపమనుకున్నాను మొదట. కోపం గాదమ్మా. పంచకంలో పోయినోడితో ఒకే ఇంట్లో ఉంతే ఇంకో పీనుగ లేస్తాదంటారు గదా. అది నా మీదకి రాకూడదని పక్కకి తప్పుకుంతన్నాడు. అంత దగ్గు మనిషి, ఈ వానలో." ఆమె పట్టా దగ్గరికి లాక్కుంది. "నాకేటి, ఈ అరుగు సాలు."

స్కానర్ పరీక్ష చేయక తప్పదు గనక సుభాషిణి వెళ్ళి తలుపు తోసింది. లోపల వెచ్చగా ఉంది. దూలం కింద నిలబడి టాబ్లెట్‌లో ఆ క్షణపు లెక్క తెరిచింది. నివాసుల సంఖ్య: ఒకటి. తనే కదా అనుకుంది. అయినా వెనక్కి తిరిగి పెరటి తలుపు వంక చూడటానికి ధైర్యం చాలలేదు.

"బేగి వొచ్చీయండమ్మా!" ఎదురరుగు మీంచి నూకరత్నం కేకేసింది. "తడిసిపోతన్నాడు!"

సుభాషిణి గుమ్మం దాటి వానలోకి వచ్చింది. టాబ్లెట్ చూసింది. ఒకటి.

తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. తాళం మాత్రం వేయలేదు.