ఖాళీ సీటు బరువు

ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు వినపడని పగలు ఉండదు. ఆ సాయంత్రం సుందరరాజు ఉలి కింద పెట్టి చేతులకంటిన రాతిపొడి దులుపుకుంటుంటే, గడప దగ్గర కూచున్న వాళ్ళమ్మ ఆదెమ్మ తలెత్తి చూసింది.

"అయిపోయిందా నాయనా?"

"బొమ్మ అయిపోయింది మా. టెంపోవాడే రాల్యా. ఫోనెత్తడంల్యా."

ఎదురుగా కట్టె పలక మీద నల్లరాతి బొమ్మ కూచుని ఉంది. శిరివెళ్ళ దాటినాక రోడ్డు పక్కన పల్లెలో పోయినేడు చనిపోయిన ఓబుళయ్య అనే ముసలాయన బొమ్మ అది. మోకాళ్ళ మీద రెండు చేతులు పెట్టుకుని, మెడ కొంచెం ముందుకు చాచి, ఎవరి కోసమో చూస్తున్నట్టు చెక్కాడు సుందరరాజు. ఆయన ఇంటివాళ్ళిచ్చిన ఫోటోలో అట్లాగే ఉందట. తెల్లారితే సంవత్సరీకం. బొమ్మ ఈ పూటే చేరాలి.

ఇంట్లో సుందరరాజు భార్య కల్పనకు నెలలు నిండాయి. ఆమెను కూడా ఆ పూటే నంద్యాల ఆస్పత్రిలో చేర్చాలని ముందే అనుకున్నారు. ఉన్నది పాతగా కొన్న చిన్న కారొకటి.

"రెండు పనులూ ఒక్క దారిలోనే కదా," అన్నాడు సుందరరాజు. "బొమ్మను దించేసి అట్లే నంద్యాలకు పోదాం."

గాలి కొట్టించడానికి పోతే పంక్చర్ అంగడి రఫీక్ నవ్వాడు.

"అన్నా, ఇది ఇంటోళ్ళు పెండ్లిండ్లకు పోయేదానికి చేసిన కారు. నీ రాళ్ళు మోసే ఎద్దు కాదు."

"ఈ ఒక్క తూరే లేప్పా."

"డిక్కీలో మాత్రం వెయ్యొద్దు. వెనక కూలబడి, ముందర చక్రాలకు పట్టు పోతాది. లైట్లు రోడ్డు ఇడ్సిపెట్టి చెట్లు చూస్తాయి. బ్రేకు కొడితే నువ్వనుకున్న చోట నిలబడదు, ముందర బండికి దూరంగా ఉండు. క్లచ్చి మీద కాలు పెట్టుకోని కూచోవద్దు, కాలిపోతాది."

అందుకని బొమ్మను ముందర, డ్రైవరు పక్క సీట్లో పెట్టాలనుకున్నారు. వెనక సీటు అత్తాకోడళ్ళకు.

ఆదెమ్మకు అది నచ్చలేదు. పోయినవాళ్ళ బొమ్మను ఆ ఇంట్లో ఎన్నడూ కూచోబెట్టి పంపలేదు. ఆమె మొగుడు ఉన్నన్నాళ్ళూ ముఖానికి తెల్లగుడ్డ చుట్టి, వరిగడ్డిలో వెల్లకిలా పడుకోబెట్టి తీసుకుపోయేవాడు. దారి పొడుగునా దానితో మాట్లాడకూడదనేవాడు.

"పండబెట్టే చోటు యాడుంది మా?" అన్నాడు సుందరరాజు. "కావాలంటే నీ కోడలిని డిక్కీలో పండబెడదామా?"

"నోరు మూసుకో," అంది కల్పన నవ్వుతూ, నడుం పట్టుకుని.

నలుగురు మనుషులు బొమ్మను ఎత్తి సీట్లో దించారు. కారు ఎడమ పక్కకు ఒరిగి, కిర్రుమని కిందికి దిగింది. తాళం తిప్పగానే కుయ్ కుయ్ మని మొదలుపెట్టింది.

"ఏందిరా అది?" అంది ఆదెమ్మ.

"ఆ సీట్లో మనిషి కూచుంటే బెల్టు పెట్టమని అరుస్తాది మా. దానికేం తెల్సు, రాయని?" సుందరరాజు బొమ్మకు బెల్టు పెట్టాడు. అరుపు ఆగింది.

ఇనుముకు కూడా బరువు తెలుస్తుంది గదా అని ఆదెమ్మ ఆశ్చర్యపోయింది. వెనక నుంచి చూస్తే ముఖానికి గుడ్డ చుట్టిన ఆ తల, చలికి తువ్వాలు కట్టుకున్న ముసలాయన తలలాగే ఉంది. బస్సులో అయినా ఆటోలో అయినా పక్కనవాళ్ళను పలకరించకుండా ఏనాడూ ఎక్కిన మనిషి కాదు ఆమె. నోరు దానంతటదే అనేసింది.

"సర్దుకోని కూచో నాయనా. నంద్యాల దాకా పోతాండాం."

అని, నాలుక కరుచుకుంది. కల్పన పకపకా నవ్వింది. సుందరరాజు వినలేదు.

కారు మెల్లగా ఊరు దాటింది. కుడి పక్కన నల్లమల కొండల మీద మబ్బు దిగుతోంది. మూడో గేరు వేస్తే కారు వణికేది. రెండుకు తెస్తే మూలిగేది. స్టీరింగు ఎడమకే గుంజుతుంటే సుందరరాజు రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు. శిరివెళ్ళలో గేదె అడ్డమొస్తే బ్రేకు తొక్కాడు. కారు జారుకుంటూ పోయి, గేదె తోకకు దగ్గరగా ఆగింది.

"రఫీక్ చెప్పింది నిజమే," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "దించేస్తే గాలి మాదిరి పోతాది చూడు."

దీపాలు పెట్టే వేళకు ఆ పల్లె చేరారు. రోడ్డు పక్కనే చేను, చేనులో సమాధి. నలుగురు మొగవాళ్ళు మోకులు వేసి బొమ్మను తీసుకుపోయారు. ఓబుళయ్య కూతురు శాంతమ్మ ముఖం మీది గుడ్డ తీసి, రాతి చెంపలు నిమిరింది.

"అచ్చం ఇట్లే కూచున్నాడమ్మా ఆ పొద్దు," అంది ఆదెమ్మతో. "రొమ్ము నొప్పి. వాన. వాగు పొంగె. నంద్యాలకు పోదామంటే ఒక్క బండీ రాల్యా. రోడ్డు మీదికి మెడ చాచి, బండి వచ్చినాదా, బండి వచ్చినాదా అని అడుగుతానే పోయినాడు."

నంద్యాల దాకా పోతాండామని తను బొమ్మతో అన్న మాట ఆదెమ్మకు గుర్తొచ్చింది.

కారు దగ్గరకు వచ్చేసరికి కల్పన సీటు అంచు పట్టుకుని వంగి ఉంది.

"అత్తా... మొదలైనాయి."

సుందరరాజు పరుగున వచ్చాడు. ఆదెమ్మ ఎక్కబోతూ ఆగి చూసింది. బొమ్మను దించినా కారు పైకి లేవలేదు. ముందర సీటు ఖాళీ. అయినా కారు ఇందాకటి లాగే ఎడమ పక్కకు ఒరిగే ఉంది.

తాళం తిప్పాడు.

కుయ్. కుయ్. కుయ్.

"వైరు ఊడినట్టుంది," అన్నాడు సుందరరాజు. సీటు మీద అరచేత్తో కొట్టాడు. అరుపు ఆగలేదు. కల్పన మూలుగు, ఆ కుయ్ కుయ్ కలిసి వినలేకపోయాడు. విసుగ్గా బెల్టు లాగి, ఖాళీ సీటుకు పెట్టేశాడు.

ఆగింది.

రోడ్డెక్కారు. కారు గాలి మాదిరి పోలేదు. ఇందాకటి కన్నా నిదానంగా పోయింది. లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయాయి. ఎత్తు దగ్గర రెండో గేరులో కూడా లాగలేక, మొదటి గేరులో పాకింది. క్లచ్చి కాలిన వాసన కమ్మింది. దాని కింద ఇంకో వాసన... అప్పుడే తడిసిన రాతి వాసన.

సుందరరాజు కారు ఆపి డిక్కీ తెరిచాడు. సిమెంటు మూట, సమ్మెటలు, గడ్డపార, చివరికి స్టెపినీ కూడా తీసి రోడ్డు పక్కన పారేశాడు. మళ్ళీ ఎక్కి తొక్కాడు. ఏమీ మారలేదు.

"నేను దిగతా నాయనా," అంది ఆదెమ్మ. "బరువు తగ్గుతాది. మీరు పోండి."

"ఈ చీకట్లో యాడ దిగతావు మా? ఊరికే కూచో!" అతని గొంతు ఏడుపులా ఉంది. "అంబులెన్సుకు ఫోన్ చేసినా. వాళ్ళొచ్చేలోగా మనమే చేరతాం అంటాండారు."

ఎదురు బండి లైటు లోపల పడింది. ఆ వెలుగులో ఆదెమ్మ బెల్టును చూసింది.

ఖాళీ సీటుకు పెట్టిన బెల్టు సీటుకు అతుక్కుని ఉండాలి. అది అతుక్కుని లేదు. బానపొట్ట మీదుగా పెట్టినట్టు ముందుకు ఉబ్బి ఉంది. మెల్లగా లేస్తోంది... మెల్లగా తగ్గుతోంది.

మళ్ళీ చీకటి.

కల్పన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తా... చలేస్తాంది."

"ఇంగ వచ్చేసినాం తల్లీ."

ఆదెమ్మ ముందుకు వంగింది. కొడుక్కు వినపడకుండా, ఆ సీటు చెవికి చెప్పినట్టు గొణిగింది.

"నాయనా... నీకు దండం పెడతా. బిడ్డ నొప్పులు పడతాంది. దిగిపో..."

సీటు కిర్రుమంది. ఎవరో ఇంకొంచెం వెనక్కి జారి, నిమ్మళంగా ఆనుకున్నట్టు.

ఆ తరువాత ఆమె మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందోనని భయం. మాట్లాడకుంటే ఏమవుతుందోనని భయం. నంద్యాల దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి... దగ్గరకు మాత్రం రావడం లేదు. కల్పన అరవడం కూడా మానేసి పళ్ళు బిగబట్టింది.

ఎట్లాగో ఆస్పత్రి వాకిట్లోకి పాకి, కారు తనంతట తనే ఆగిపోయింది. ఆయాలు పరుగున స్ట్రెచర్ తెచ్చి కల్పనను దానిమీదికి తీసుకున్నారు. అప్పుడు కారు ఒక్కసారిగా పైకి లేచింది. దూడ గంతేసినట్టు ఊగి, చక్కగా నిలబడింది.

"చూసినావా మా?" అన్నాడు సుందరరాజు. నవ్వొచ్చింది అతనికి. కళ్ళు తుడుచుకున్నాడు. "స్ప్రింగు యాడో పట్టేసింది, అంతే. నువ్వు కల్పనతో పో. నేను చీటీ రాయించుకోని వస్తా."

ఆదెమ్మ కారులోకి చూసింది. బెల్టు సీటుకు అతుక్కుని, కదలకుండా ఉంది. దిగిపోయినాడు. వచ్చిన పని అయిపోయింది పాపం, అనుకుంది. ప్రాణం కుదుటపడి, స్ట్రెచర్ వెంట నడిచింది.

నడుస్తుంటే ముందర ఆయా, "ఏందమ్మా ఇంత బరువుంది, బక్క మనిషేనే," అంటోంది.

కాన్పుల గది పైన. లిఫ్టు పెద్దది, పదిమంది పట్టేటంత. స్ట్రెచర్ లోపలికి తోశారు. ఒక ఆయా పైకి చెప్పడానికి మెట్ల మీద పరుగెత్తింది. ఇంకో ఆయా, ఆదెమ్మ లోపల నిలబడ్డారు. తలుపులు మూసుకోబోయి, మళ్ళీ తెరుచుకున్నాయి. లిఫ్టు గట్టిగా మోగసాగింది.

"బరువెక్కువైందంటాంది," అంది ఆయా తెల్లబోయి. "ముగ్గురికేనా? అవ్వా, నువ్వు దిగి మెట్లెక్కి రా."

ఆదెమ్మ దిగింది. మోత ఆగలేదు.

"దీనికి పోయేకాలం," అంటూ ఆయా కూడా ఒక కాలు బయట పెట్టి, మీటల వైపు వంగి చూసింది. రెండో కాలు కూడా బయట పెట్టింది.

మోత ఆగింది.

తలుపులు కదిలాయి. ఆయా చెయ్యి అడ్డం పెట్టేలోపే దగ్గరకొచ్చేశాయి. ఆదెమ్మ ఆ సందులోంచి కోడలిని చూసింది. కల్పన ఆమె వైపు చూడటం లేదు. కాళ్ళ వైపు చూస్తోంది. అక్కడ పరుపు గుంటలా దిగింది.

కల్పన మెల్లగా కాళ్ళు ముడుచుకుని, పక్కకు జరిగింది... ఎవరికో చోటిచ్చినట్టు.

తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు పైకి పోవడం మొదలుపెట్టింది, చాలా నిదానంగా.