రొద లేని గొంతు

మా బావ ఓడల అడుగున పేరుకున్న నాచు గీకుతాడు. ఆయన నీళ్లలో ఉన్నంతసేపూ గట్టు మీద, ఆయన మాస్కుకు తీగతో కలిపిన మాటల పెట్టె దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. అక్కను చేసుకున్న పాపానికి ఈ మరదలు నీళ్ల కింద కూడా వదలడం లేదని అందరితో చెప్పుకుంటాడు. నన్ను పిలిచేది రాక్షసీ అని. ఆ పేరు నిలబెట్టుకోవడానికి నేనూ బాగానే కష్టపడతాను.

నేను మాట్లాడాలంటే బటన్ నొక్కాలి. బావకు ఆ పని లేదు. మాస్కులో గట్టిగా అరిస్తే చాలు, లైను దానంతటదే తెరుచుకుంటుంది. గీకే యంత్రం రొదకే తెరుచుకోకుండా నేను పెట్టె మీది నాబ్ పెంచి ఉంచుతాను; అది ఎంత పెంచితే అంత గట్టిగా అరవాలి. బావ మాట వచ్చిందంటే వెనకాలే ఆ రొదా, బుడగల చప్పుడూ వచ్చి చెవులు హోరెత్తిపోతాయి.

ఆ మధ్యాహ్నం మంచు దిగింది. తుప్పు వాసన. గ్లౌజుల్లో చేతులు మొద్దుబారాయి. బావ నడుము తాడు నా దగ్గరే ఉంది. అది వదిలితే నీటి లాగుడుకి మనిషి ఓడ కిందికి పోతాడు.

నడుం పట్టేసిందని బావ అరిచాడు. ముసలాడికి పిల్లనిచ్చామని అక్కతో చెబుతానన్నాను. తిట్టాడు. లైను మూసుకుంది.

కాసేపటికి, లైను తెరుచుకున్నట్టు పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది.

రొద లేదు. బుడగలు లేవు. గుసగుస. బావ గొంతే.

“మరదలా... తాడు వదులు.”

నా మీద కసి తీర్చుకుంటున్నాడనుకుని నవ్వాను. నాబ్ చివరిదాకా తిప్పేశాను. ఇక కేకకు కూడా తెరుచుకోదు.

లైటు ఆరలేదు.

“వదులు... ఇక్కడ బాగుంది.”

మేస్త్రిని పిలిచాను. యంత్రం ఆగిందేమో అన్నాడు. ఆగలేదు. గట్టు మీది దాని మోటారుకి మా కాళ్ల కింద నేల అదురుతూనే ఉంది. ఇద్దరం రెండు చేతులా తాడు లాగాం. బరువు... ఒక్క మనిషిది కాదు. సగం దూరం వచ్చాక ఉన్నట్టుండి తేలికైంది.

బావ పైకొచ్చాడు. మాస్కు పక్కకు జారి, నోట్లో నీళ్లు. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి అందగానే నన్నే తిట్టాడు. ఇక్కడ గాలి ఉంది బావా, మాస్కు పట్టీలు ఒక్కొక్కటీ తీసెయ్ అని నేనే ఇంతసేపూ ఆయన చెవిలో నవ్వుతూ పోరానట.

“నవ్వు నీదేనే రాక్షసీ. సరేలెమ్మని ఒకటి తీశాను.”

బటన్ ముట్టుకోలేదన్నాను. నమ్మలేదు. మేస్త్రి మాత్రం బావ తల వెనక్కి తిప్పి చూపించాడు. ఐదు పట్టీల్లో నాలుగు ఊడి ఉన్నాయి. ఐదోదాని కింద, మెడ మీద, గోళ్ల గీతలు.

నాకేమీ అనిపించలేదు. పొద్దున్నుంచీ విప్పని గ్లౌజులు విప్పాను, చేతులు వెచ్చబెట్టుకుందామని.

నా గోళ్ల సందుల్లో... నాచు.