భయం తీసే చిప్

డాక్టర్ జోగారావు స్టీలు ట్రేని పోలిరాజు వెనక నుంచి గచ్చు మీదకి వదిలేశాడు. గదంతా ఖంగుమంది. మూల కుర్చీలో ఉన్న నూకరత్నం అదిరిపడి గుండె మీద చెయ్యేసుకుంది. పోలిరాజు రెప్ప కూడా వెయ్యలేదు.

"పనిచేస్తోందమ్మా మీ ఆయన చెవి వెనక చిప్," అన్నాడు డాక్టరు.

పెళ్లయి రెండేళ్లు. దగ్గరకొచ్చిన ప్రతిసారీ పోలిరాజు ఒళ్లు మాట వినేది కాదు. మాత్రలు వాడాడు, రక్తం లాగే పంపు వాడాడు. చివరికి అటు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ వీపు చూస్తూ నూకరత్నం ఎన్ని కలలు కన్నదో!

"రక్తం బాగుంది, నరాలు బాగున్నాయి," డాక్టరు చెప్పాడు. "మొదటిసారి కుదరలేదు. మళ్లీ కుదరదేమోనని భయం పట్టుకుంది. ఆ భయం పుట్టగానే అంగానికి వెళ్లాల్సిన రక్తం వెళ్లదు. ఈ చిప్ భయాన్ని మెదడులోనే ఆపేస్తుంది."

"ఆ ఒక్క భయాన్నేనాండీ?"

"భయాలన్నీ ఒక్కచోటే పుడతాయమ్మా. అన్నీ ఆగుతాయి. అందుకే ముందే అడిగాను ఏం పనని. డ్రైవర్లకీ, కరెంటు స్తంభాలెక్కేవాళ్లకీ పెట్టను. టైలరు షాపే కదా, దిగుల్లేదు."

పోలిరాజు కిటికీలోంచి బయటికి చూశాడు. నూకరత్నం గాజులు సవరించుకుంది.

అతను టైలరు కాదు. కోనపేట సముద్రపు గోడ మీద కాపలాదారు. పడగ్గది సంగతి ఊళ్లో పొక్కితే తలెత్తుకోలేమని ఇంత దూరం వచ్చి, పని గురించి కూడా అబద్ధం చెప్పారు.

ఆ గోడ మీద మొదట్లో కంప్యూటర్లే సైరన్ మోగించేవి. చిన్న అలకీ పెద్ద అలకీ మోగి మోగి, జనం పరిగెత్తడం మానేశారు. అప్పుడు మనిషిని పెట్టారు. కాపలాదారు గోడ మీది గదిలో ఉన్న యంత్రం పలక మీద అరచెయ్యి ఆనించాలి. చెమటలో నిజమైన భయం దొరికితేనే సైరన్ మోగుతుంది. ఊరి మొత్తానికీ పిరికి గుండె పోలిరాజుది. అందుకే ఆ ఉద్యోగం అతనికిచ్చారు.

తర్వాత రోజులు నూకరత్నానికి వెన్నెల్లో నడిచినట్టు గడిచాయి. పోలిరాజు చేతులకి తొందర లేదు, వణుకు లేదు. జడలో సన్నజాజులు నలిగిపోయేవి. ఒకరోజు బజార్లో లారీ హారన్ కొడుతూ మీదకొస్తుంటే, రోడ్డు మధ్యలో నిలబడి తాపీగా ఆమె జడలో పువ్వు సర్దాడు. ఆమెకి అదీ ప్రేమే అనిపించింది.

"గోడ పనికి సెలవు పెట్టండీ," అని మాత్రం ఒకసారి అంది.

"ఎందుకే? ఏమవుద్ది?" అని నవ్వాడు.

ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని గోడ మెట్లెక్కుతుంటే సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంది. ఎప్పుడో మునిగిన వీధులు, ఇళ్ల మెట్లు బయటపడ్డాయి. వాటి అవతల ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక నల్లగీత లేస్తోంది. క్యారేజీ పారేసి మిగతా మెట్లు పరుగున ఎక్కింది.

"ఏవండీ! సైరన్!"

"వచ్చావా? చూడు రత్నం, ఎంత బావుందో. నీ నల్లంచు చీర ఆరేసినట్టు లేదూ?" నడుం చుట్టూ చెయ్యేసి దగ్గరకి లాక్కున్నాడు. ఆమె రెండేళ్లు మొక్కుకున్న కౌగిలి అది. అతని ఒంట్లో కోరిక ఆమెకి తెలుస్తూనే ఉంది.

"ఊరంతా పోద్దండీ! నేనూ పోతాను!"

"ఇద్దరం ఒక్కచోటే ఉన్నాంగా," అంటూ మెడ మీద ముద్దుపెట్టాడు.

అతని చెయ్యి లాగి పలక మీద అదిమింది. "భయం లేదు. ప్రమాదం లేదు," అంది యంత్రం. చెమటతో తడిసిన తన అరచెయ్యి పెట్టింది. "కాపలాదారు చెయ్యి కాదు," అంది మళ్లీ యంత్రం.

ఊరి వైపు కిటికీలోంచి సగం బయటికి వంగి, "పరిగెత్తండ్రా!" అని గొంతు చించుకుంది. గోడ కింద చేపలు ఎండేస్తున్న ఆడవాళ్లు తలెత్తారు. సైరన్ లేదు. పైన పోలిరాజు పెళ్లాన్ని వెనక నుంచి వాటేసుకుని, నవ్వుతూ లోపలికి లాగుతున్నాడు.

"వదినా, పట్టపగలే సరసాలా!" అని ఒకామె కేకేసింది. అందరూ పగలబడి నవ్వారు. ఎవరో ఈల కూడా వేశారు.