గోడవార వరస

సువార్త గుప్పెడు ముగ్గుపిండి తీసి రాతి మీద రుద్ది, అరచేత్తో తుడిచింది. అరిగిన గాడుల్లో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. 'బందెల కరుణమ్మ. ఉప్పెననాడు ప్రభువునందు నిద్రించెను.' ఆ వరసలో పదకొండు రాళ్లకూ అదే రోజు. ఒక పేట ఒక్క రోజులో ఎలా పోయిందో ఏ పుస్తకంలోనూ లేదు, ఇక్కడ ఉంది.

మట్టి కింది ఎముకను పసిగట్టే నేలచెవి పరికరాన్ని రాయికి ఆనించింది.

"పేరు ఉంది. ఎముక ఉంది. మెట్టకు తరలింపు," అంది చెవిలో నమోదిని, చావుబతుకుల లెక్క రాసే యంత్రం గొంతు.

ఎడమ మణికట్టు మీద ఊపిరిపట్టీ మెల్లగా ఉబ్బి, తగ్గింది. పైన మెట్ట మీద పిల్లలగూడులో ఆమె కూతురు, ఏడు నెలల కెజియా, గాలి పీల్చి వదిలింది. చేతులు ఏ పనిలో ఉన్నా సువార్త ప్రాణం సగం ఆ పట్టీలోనే. ఉబ్బు రవ్వంత ఆలస్యమైతే చాలు, గుప్పిట్లో పిండి జారిపోయేది.

సాయంత్రం పోటుకు సాగరకట్ట తలుపులు తెరుస్తారు. ఆపైన ఈ సమాధుల తోట సముద్రానిది. పేరున్న మృతులు మెట్టకు వస్తారు, లేనివాళ్లు ఇక్కడే ఉండిపోతారు. తోటలో బతికున్నవాళ్లు ఇద్దరే: తను, కాపలా ఉండే దేవదానం తాత.

చివరి వరసలో రాళ్లు లేవు. గోడవార మూరెడేసి దిబ్బలు, ఒక్కోదాని మీద బోర్లించిన మట్టి ప్రమిద.

"ఎముక సూక్ష్మం. పేరు లేదు. వదిలివేత," అంది నమోదిని. రెండో దిబ్బకూ అదే. మూడోదానికీ అదే.

"బాప్తిస్మం కాకుండా పోయిన బిడ్డలే అమ్మాయ్," అన్నాడు తాత. "నెత్తిన నీళ్లు పడందే పేరు పెట్టేవోళ్లు కాదు. ఇంక రాయి మీద ఏం చెక్కిస్తారు?"

"ఎవరి బిడ్డలో నీకు తెలుసా తాతా?"

"గుంటలు తీసిందే నేనైతే తెలీకపోడమేంటే!" నాలుగో దిబ్బ దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "ఇది మీ అమ్మ తొలి కాన్పు. ఆడపిల్ల. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పకుండానే అమ్మ మూడేళ్ల కిందట పోయింది.

"ఏం పేరు అనుకుందట?"

"సువార్తే. పోయినదానికి అనుకున్న పేరు తర్వాత పుట్టినదానికి పెట్టడం మన పేట ఆనవాయితీ కదా. ఇన్నేళ్లూ అక్క పేరు మోస్తన్నావే పిల్లా, బరువనిపించలేదా?" నవ్వబోయి మానేశాడు.

తనను పిలిచే ముందు అమ్మ ఎప్పుడూ ఒక లిప్త ఆగేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"పేరు ఉంది," అంది సువార్త నేలచెవితో. "సువార్త. తల్లి ఎస్తేరు."

"ఆ తల్లికి ఆ పేరుతో నమోదు ఒక్కటే. ఆమె జీవించి ఉంది, విధుల్లో ఉంది. ఈ ఎముక సువార్తదే అయితే జీవనమోదు రద్దవుతుంది. ధ్రువీకరిస్తారా?"

జీవనమోదు పోతే పట్టీ మూగబోతుంది. తప్పు నమోదులు దిద్దే సవరణ సభ కూర్చునేదాకా, చనిపోయినట్టు నమోదైన తల్లి చేతికి గూడు బిడ్డను ఇవ్వదు.

"వద్దే తల్లీ," తాత చేయి అడ్డం పెట్టాడు. "పాలు తాగే పిల్ల పైనుంది. ఇదెప్పుడో మట్టిలో కలిసింది."

"ఇచ్చేదాకా గూడు గుమ్మంలోనే కూర్చుంటాను. సభను ఎన్నిసార్లయినా అడగొచ్చు తాతా. సముద్రాన్ని ఏమని అడుగుతాం?"

పట్టీ ఒకసారి ఉబ్బేదాకా ఆగింది. ఉబ్బింది. తగ్గింది.

"ధ్రువీకరిస్తున్నాను."

పట్టీ చల్లబడింది.

"మృతురాలు సువార్త. మెట్టకు తరలింపు." అంతవరకూ తడబాటు ఎరగని ఆ గొంతు ఆగి, మళ్లీ అంది: "మాట్లాడుతున్నది ఎవరు?"

సువార్త ప్రమిదను తీసి ఒడిలో పెట్టుకుంది. "పక్కది ఎవరిది తాతా?"

"మరియదాసుది. ఆడి అన్న. ఆడు పైన వంటశాలలో గరిట తిప్పుతన్నాడు."

"ఆ పక్కది?"

"శాంతమ్మ వాళ్లక్కది. శాంతమ్మ కట్ట తలుపుల కాడ ఉంటది."

"పిలువు తాతా. ఈ వరసలో పేర్లు మోస్తున్నవాళ్లందర్నీ పిలువు. పోటు రాకముందే రమ్మను."

తాత పంచె ఎగ్గట్టి గట్టు ఎక్కాడు. మాట్లాడుతున్నది ఎవరని నమోదిని అడుగుతూనే ఉంది. సువార్త రెండు చేతులా మట్టి తోడసాగింది. కెజియా ఈ ఊపిరి తీసిందో లేదో తెలియని మొదటి గడియ అది.